మంచు నిలవని ఇంటికప్పు

మేము న్యూజెర్సీలో మొదట అద్దెకు దిగిన ఇల్లు చూడటానికి చాలా ముచ్చటగా ఉండేది. లేత పసుపు రంగు వేసిన చెక్క ఇల్లు. ముందు చిన్న వరండా, వెనక మేపుల్ చెట్లు, లోపల ప్రతి గదికీ కొత్తగా అతికించిన పూల వాల్‌పేపర్. ఎనభయ్యో దశకం ఇంకా మొదలవలేదు. మా ఆయన ఒక కంపెనీలో ఇంజనీరుగా చేరి ఏడాది కూడా కాలేదు. పాప అప్పుడప్పుడే పాకుతోంది. ఆ సెప్టెంబరులో కిటికీలన్నీ తెరిచి, ఎండ పడుతున్న చెక్క నేల మీద పాపను వదిలి, ఇంత చక్కటి ఇల్లు దొరకడం మా అదృష్టమని అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

ఇల్లు డాక్టరుగారిది. మాకన్నా చాలా ముందు ఆంధ్ర నుంచి వచ్చి, పెద్ద ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా స్థిరపడిన మనిషి. ఊళ్లో తెలుగువాళ్లు ఏ వ్రతం చేసుకున్నా, ఏ పండగకు స్కూలు హాలు అద్దెకు తీసుకున్నా ముందు వరుసలో ఆయన ఉండాల్సిందే. కొత్తగా వచ్చినవాళ్లను ఎయిర్‌పోర్టుకు వెళ్లి తెచ్చుకునేవారు, తమ ఇంట్లో పెట్టుకునేవారు, పక్కన కూర్చుని డ్రైవింగ్ నేర్పించేవారు. అవన్నీ నిజమే, కాదనను. మమ్మల్ని చూసిన మొదటి రోజే మా ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"ఏమోయ్ తమ్ముడూ, అపార్ట్‌మెంట్లలో పడి అవస్థ ఎందుకు? నాకో ఇల్లుంది. మనవాళ్లకి తప్ప ఇంకెవరికీ ఇవ్వను. లీజులూ గీజులూ ఏమీ వద్దు. నువ్వు నా సొంత తమ్ముడిలాంటివాడివి."

మా ఆయన కరిగిపోయారు. ఆ రోజు నుంచి ఆయన్ని "అన్నయ్యగారూ" అని పిలవడం మొదలుపెట్టారు. నేను మాత్రం ఎందుకో డాక్టరుగారూ అనే అన్నాను. అద్దె ఆయనకు, చలికాలంలో ఇల్లు వేడెక్కించే ఆయిల్ ఖర్చు మాకు. ఆ ఏర్పాటులో నాకు అప్పట్లో తప్పేమీ కనిపించలేదు. వేడి ఎటు పోయినా ఆయన జేబుకు చిల్లు పడదని అర్థం కావడానికి ఒక చలికాలం పట్టింది.

నవంబరు రాగానే ఇల్లు తన అసలు రంగు బయటపెట్టింది. బేస్‌మెంట్‌లో ఆయిల్‌తో మండే ఫర్నేస్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రొద పెడుతూనే ఉండేది. నేలలో ఉన్న జాలీల్లోంచి వేడి గాలి వచ్చేది. జాలీ మీద నిలబడితే కాళ్లు కాలేవి, రెండడుగులు పక్కకు వేస్తే చలి కోసేది. మూసి ఉన్న కిటికీల తెరలు వాటంతట అవే ఊగేవి. స్విచ్చు బోర్డు దగ్గర చెయ్యి పెడితే ఎవరో ఊదుతున్నట్టు గాలి తగిలేది. బట్టల అరలో వెనక గోడకు కొట్టిన మేకుల తలల మీద తెల్లగా మంచు పూసేది. అది నేను మొదట చూసినప్పుడు సున్నం అనుకున్నాను. వేలు పెడితే కరిగింది.

పెరుగు తోడుకోవడం మానేసింది. దుప్పట్లో చుట్టి పెట్టినా, ఓవెన్‌లో దాచినా పాలు పాలలాగే ఉండేవి. చివరికి గిన్నె పట్టుకుని బేస్‌మెంట్ మెట్లు దిగి ఫర్నేస్ పక్కన పెట్టి వచ్చేదాన్ని. దోసెల పిండి వారం రోజులైనా పొంగేది కాదు. చీర మీద స్వెట్టరు, స్వెట్టరు మీద కోటు, కాళ్లకు మా ఆయన ఊలు సాక్సులు. నేను ఆ వేషంలో వంట చేసేదాన్ని. పాపను నేల మీద వదలడానికే లేదు. పాకడం నేర్చిన పిల్లను ఎప్పుడూ ఎత్తుకునో, మంచం మధ్యలో దిళ్ల కోటలో కూర్చోబెట్టో ఉంచేదాన్ని. అది కిందికి చేతులు చాపి గొడవ చేసేది. నేల చల్లన అని దానికి ఎలా చెప్పను?

డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన ఓపిగ్గానే విన్నారు. ఇక్కడ డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే.

"ఏమ్మా, థర్మోస్టాట్ ఎంతలో పెట్టారు?"

"డెబ్భై రెండులో పెట్టామండీ. ఇల్లు మాత్రం అరవైకి కూడా రావడం లేదు."

"డెబ్భై రెండా! గవర్నమెంటే అరవై ఐదు చాలంటోంది కదమ్మా. స్వెట్టర్లు వేసుకోవాలి. మీరు గుంటూరు నుంచి వచ్చారు, చలి కొత్త. మొదటి రెండేళ్లు ఇలాగే ఉంటుంది. తరవాత బ్లడ్ అలవాటు పడుతుంది."

నేను గుంటూరు కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పి వచ్చినదాన్ని. వేడి ఎలా ప్రయాణిస్తుందో బోర్డు మీద బొమ్మలు గీసి పిల్లలకు నేర్పినదాన్ని. నా రక్తం అలవాటు పడితే ఇల్లు వేడెక్కుతుందని ఒక డాక్టరు చెబుతుంటే ఏమనాలో తోచక "సరేనండీ" అని పెట్టేశాను. ఆ "సరేనండీ" నా గొంతులో చాలా రోజులు అడ్డం పడి ఉంది.

సాయంత్రం మా ఆయనతో చెప్పాను.

"ఆయన చెప్పిందాంట్లోనూ నిజముంది. మనకి అలవాటు లేదు," అన్నారు.

"మీకేం, పొద్దున్నే వెచ్చటి ఆఫీసుకు పోతారు. ఒక్క రోజు ఇక్కడ కూర్చుని చూడండి."

"ఇప్పుడాయన్ని ఏమడుగుతాం? మనకి ఆయన ఎంత హెల్ప్ చేశారు! కొంచెం అడ్జస్ట్ అవుదాం."

అడ్జస్ట్ అయ్యాం. హార్డ్‌వేర్ కొట్టు నుంచి పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్లు తెచ్చి కిటికీలన్నిటికీ లోపలి నుంచి కొట్టాం. గాలి వచ్చినప్పుడల్లా అవి ఊపిరి పీల్చినట్టు లోపలికి ఉబ్బేవి, మళ్లీ వెనక్కి పోయేవి. పాత నూలు చీరలను తాళ్లలా మెలిపెట్టి తలుపుల కింద, కిటికీ అంచుల వెంబడి కుక్కాను. మా అమ్మ పెట్టిన నీలం వెంకటగిరి చీర కూడా గుమ్మం కిందికి పోయింది. పెద్ద పడకగది మూసేసి, ముగ్గురం వంటింటి పక్కనున్న చిన్న గదిలోకి మారాం. అద్దె ఇల్లంతటికీ కడుతున్నాం, బతుకుతున్నది మాత్రం ఒకటిన్నర గదిలో. అదే హార్డ్‌వేర్ కొట్టు నుంచి గోడకు తగిలించే చిన్న థర్మామీటరు కూడా కొని తెచ్చాను. నా ఒంటి మాట ఎవరూ నమ్మనప్పుడు పాదరసం మాటైనా నమ్ముతారేమో అనుకున్నాను.

డిసెంబరులో పాపకు జలుబు పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. ఒక రోజు చెవి పట్టుకుని, తల అటూ ఇటూ కొట్టుకుంటూ, గుక్కపట్టి ఏడ్చింది. మా ఆయన కంగారుపడి డాక్టరుగారికే ఫోన్ చేశారు. ఆయన వెంటనే తనకు తెలిసిన పిల్లల డాక్టరుతో మాట్లాడి, మమ్మల్ని ఆ రోజే చూసేలా ఏర్పాటు చేశారు. చెవిలో ఇన్ఫెక్షన్ అన్నారు, మందు ఇచ్చారు. సాయంత్రం డాక్టరుగారు మళ్లీ ఫోన్ చేసి నాతో మాట్లాడారు.

"భయపడకమ్మా, పిల్లలకి మామూలే. మందు టైముకి వెయ్యి. అన్నిటికన్నా ముఖ్యం, పాపను వెచ్చగా ఉంచు."

నేను ఆ ఫోన్ పట్టుకుని వంటింట్లో నిలబడి ఉన్నాను. గోడ మీది థర్మామీటరు యాభై ఏడు, అంటే మన సెంటిగ్రేడు లెక్కలో పధ్నాలుగు చూపిస్తోంది. పాప నా భుజం మీద రెండు టోపీలతో నిద్రపోతోంది. పాపను వెచ్చగా ఉంచు! ఆ ఇల్లు ఎవరిదో ఆయన మరిచిపోయారా, లేక ఆయన మనసులో డాక్టరుకూ ఇంటి ఓనరుకూ మధ్య గోడేదైనా ఉందా? ఉంటే మాత్రం అది చాలా మందమైన గోడ. ఒక వైపు మాట రెండో వైపుకు వినబడలేదు.

అంతకు ముందు నాకు చలి మీద విసుగు ఉండేది. ఆ రోజు నుంచి అది కోపమైంది.

కొత్త సంవత్సరం వచ్చిన వారానికి మంచు బాగా కురిసింది. మర్నాడు ఎండ వచ్చింది. చెత్త బయట పెట్టడానికి వెళ్లి, వెనక్కి తిరిగి మా వీధిని చూశాను. కుడి పక్క ఇల్లు, ఎడమ పక్క ఇల్లు, ఎదురిల్లు, అన్నిటి కప్పుల మీదా మంచు పరుపులా తెల్లగా, మెత్తగా పడుకుని ఉంది. మా ఇంటి కప్పు ఒక్కటే నల్లగా తడిసి మెరుస్తోంది. చూరు నుంచి చెయ్యంత పొడుగు మంచు ఊచలు వేలాడుతున్నాయి. కప్పు మీద మంచు కరిగిందంటే కింద నుంచి వేడి తగులుతోందని అర్థం. మేము కొన్న ఆయిలంతా, మా ఫర్నేస్ పగలంతా పెట్టే రొదంతా, నేరుగా ఆకాశానికి పోతోంది. వీధి అంతటికీ కనిపించేలా పోతోంది. నేను చెత్తడబ్బా పక్కనే, చెప్పులు తడిసిపోతుంటే, చాలాసేపు ఆ కప్పునే చూస్తూ నిలబడిపోయాను.

లోపలికి వచ్చి పాపను తొట్టిమంచంలో పడుకోబెట్టాను. బట్టల అర పైకప్పులో అటిక్‌కి, అంటే ఇంటికప్పు కింది అటకకి వెళ్లే చెక్క మూత ఉంది. బేస్‌మెంట్ నుంచి నిచ్చెన తెచ్చి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఎక్కి, మూత పక్కకు నెట్టాను. పైన ఇన్సులేషన్ అనేదే లేదు. ఈ దేశంలో ఇళ్ల గోడల్లోనూ, అటకల్లోనూ దూదిలాంటి గాజుపీచు పరుస్తారని, అదే వేడిని పట్టి ఉంచుతుందని అప్పటికి నాకు తెలుసు. ఇక్కడ బోడి చెక్కలు, వాటి మధ్య మా గదుల పైకప్పుల వీపు. పిట్టల గూడు ఒకటి. కింద పడకగదిలో నేను వేసి ఉంచిన లైటు వెలుతురు సందుల్లోంచి పైకి కనబడుతోంది. వెలుతురు వస్తున్న దారిలో వేడి రాదా? గోడల పైభాగం తెరిచి ఉన్నచోట చీపురు పుల్ల ఒకటి దూర్చి చూశాను. ఎక్కడా దేనికీ తగలకుండా లోపలికి దిగిపోయింది. గోడలు కూడా బోలే. ఆ బోలు గోడలకే కొత్త పూల వాల్‌పేపర్ అతికించి మాకు ఇచ్చారు.

ఆ నెలలోనే ఒక ఆదివారం మధ్యాహ్నం డాక్టరుగారింట్లో భోజనాలు. ఊరవతల పెద్ద ఇల్లు. గుమ్మంలో అడుగుపెట్టగానే వెచ్చటి గాలి ముఖానికి తగిలి నాకు దాదాపు ఏడుపొచ్చింది. ఆడవాళ్లంతా పల్చటి పట్టుచీరల్లో ఉన్నారు, మగవాళ్లు చొక్కా చేతులు మడిచి తిరుగుతున్నారు. పాప ఒంటి మీది పొరలన్నీ ఒక్కొక్కటే విప్పి కార్పెట్ మీద వదిలాను. రెండు నెలల తరవాత నేల దొరికిన పిల్ల. కేరింతలు కొడుతూ సోఫా చుట్టూ పాకింది. దాన్ని చూసి అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

వంటింట్లో ఒక వరంగల్ ఆవిడ నా పక్కన నిలబడి అప్పడాలు వేయిస్తున్నారు. పాప చెవి సంగతి మాటల్లో వచ్చింది.

"మా బాబుకు గూడ గట్లనే ఉండె. పోయిన సలికాలమంత దగ్గే," అన్నారావిడ. తరవాత గొంతు తగ్గించారు. "గా ఇంట్ల ఉంటే ఏమైతది మరి?"

"ఏ ఇంట్లో అండీ?"

"మీరు ఉన్నదాంట్లనే. మీకంటె ముందు మేమే ఉంటిమి గద."

నేను నిర్ఘాంతపోయాను. "మరి మాకెందుకు చెప్పలేదండీ? మేము దిగక ముందు మీ ఇంటికి భోజనానికి కూడా వచ్చాం కదా!"

ఆవిడ మూకుడు వైపే చూస్తూ అన్నారు: "ఎట్ల చెప్తమమ్మా? మా ఆయన జాబ్ పోతె నెల దినాలు ఈ ఇంట్లనే ఉంచుకున్నడు డాక్టర్‌సాబ్. మల్ల జాబ్ పెట్టిచ్చింది గూడ ఆయననే. గసొంటి మనిషి మీద ఏమని చెప్పాలె?"

ఆవిడ మీద నాకు కోపం రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. కానీ వేగిన అప్పడాన్ని ఆవిడ తీయకుండా మాడనివ్వడం కూడా చూశాను. డాక్టరుగారు చేసిన మంచి, అందరి నోళ్లకూ ఎంత గట్టిగా తాళం వేసిందో అప్పుడు తెలిసింది.

బయట హాల్లో అందరూ కంచాలు పట్టుకుని కూర్చున్నారు. మాటలు చలి మీదికీ, ఆయిల్ ధరల మీదికీ వెళ్లాయి. డాక్టరుగారు ఉత్సాహంగా చెబుతున్నారు.

"మొన్న చలి మొదలవక ముందు, ఫాల్‌లో, ఈ ఇంటికి అటిక్, వాల్స్ మొత్తం ఇన్సులేట్ చేయించాను. థర్మోస్టాట్ అలా ముట్టుకుంటే చాలు, చెమటలు పడుతున్నాయి. ఈ రోజుల్లో ఇన్సులేషన్ చేయించనివాడంత ఫూల్ ఇంకోడు లేడు."

నేను కంచం బల్ల మీద పెట్టాను.

"డాక్టరుగారూ, మరి మేముంటున్న ఇంటికి ఎందుకు చేయించలేదండీ?"

ఆయన నవ్వుతూనే, ఆలోచించకుండానే అనేశారు: "అది అద్దె ఇల్లు కదమ్మా."

ఆ మాట గాలిలో ఉండగానే ఆయనకే అది ఎలా వినబడిందో తెలిసినట్టుంది. గొంతు సవరించుకున్నారు. "అంటే, పాత ఇల్లు. ఆ కాలం గోడలు మందంగా ఉంటాయి. వాటికి అవసరం ఉండదు."

"గోడల్లో ఏమీ లేదండీ. అటిక్‌లో కూడా ఏమీ లేదు. నేను ఎక్కి చూశాను."

"నువ్వా? అటిక్ ఎక్కావా?" అని ఆయన చుట్టూ చూసి పెద్దగా నవ్వారు. ఒకరిద్దరు ఆయనతో పాటు నవ్వారు. ఇల్లు చల్లగా ఉండటం కన్నా నేను నిచ్చెన ఎక్కడమే అక్కడ పెద్ద వింత అయిపోయింది. "చూడమ్మా, ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లందరికీ ఇదే ప్రాబ్లెమ్. బ్లడ్ అలవాటు పడాలి అని నీకు ముందే చెప్పాను."

"థర్మామీటరు ఇండియా నుంచి రాలేదండీ. ఇక్కడే కొన్నాను. నిన్న మధ్యాహ్నం అది యాభై ఆరు చూపించింది. పాపను వెచ్చగా ఉంచమని చెప్పారు కదా, ఆ ఇంట్లో ఎలా ఉంచాలో కూడా మీరే చెప్పండి."

మా ఆయన కార్పెట్ వైపు చూస్తున్నారు. వంటింటి గుమ్మంలో వరంగల్ ఆవిడ నిలబడి ఉన్నారు. ఒక్క మాట అంటారేమోనని చూశాను. ఆవిడ అప్పడాల పళ్లెం పట్టుకుని అలాగే ఉండిపోయారు. చివరికి డాక్టరుగారి భార్య లేచి, "సాంబారు చల్లారిపోతోంది, కానివ్వండి, కానివ్వండి," అన్నారు.

కారులో మా ఆయన అద్దం మీది ఆవిరి రెండుసార్లు తుడిచారు. తరవాత అన్నారు: "నలుగురిలో పరువు తీశావు."

"ఎవరి పరువు?"

"మనది, ఆయనది, అందరిదీ. ఆయన మనకి ఎంత చేశారో గుర్తుందా?"

"గుర్తుంది. దానికి బదులు పాప చెవి ఇద్దామా?"

ఆయన కారు వేగం పెంచారు. నేను పాప టోపీ కిందికి లాగి చెవులు కప్పాను.

ఆ తరవాతి వారం మంచు తుఫాను వచ్చి ఆఫీసులన్నీ మూసేశారు. ఆ చలికాలంలో మా ఆయన ఒక పనిరోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇంట్లో ఉండటం అదే మొదలు. పొద్దున్న పేపరు పట్టుకుని హాల్లో కుర్చీలో కూర్చున్నారు. కాసేపటికి దుప్పటి కప్పుకున్నారు. తరవాత కోటు వేసుకున్నారు. తరవాత కుర్చీ లాక్కొచ్చి వంటింట్లో పొయ్యి పక్కన వేసుకున్నారు. నా పని నేను చేసుకుంటున్నాను. మధ్యాహ్నం భోజనం చేసేటప్పుడు ఆయన చేతివేళ్లు కొంకర్లు పోయి అన్నం సరిగా కలపలేకపోయారు. అప్పుడు నా వైపు చూశారు. "రోజూ ఇలాగేనా?" అన్నారు.

"గాలి లేని రోజు కొంచెం నయం," అన్నాను.

ఆయన చెయ్యి కడుక్కుని, నిచ్చెన తెచ్చుకుని తనే అటిక్ ఎక్కారు. దిగేసరికి జుట్టు నిండా బూజు. తుడుచుకోకుండానే ఫోన్ దగ్గరికి వెళ్లారు.

"డాక్టరుగారూ," అన్నారు. అన్నయ్యగారూ అనలేదు. నేను గిన్నె తోముతున్నదాన్ని ఆగిపోయాను. "మీరు ఒప్పుకుంటే మెటీరియల్ నేను కొంటాను. అటిక్‌లో నేనే స్వయంగా పరుస్తాను. మీకు శ్రమ లేదు."

అవతలి మాటలు నాకు వినబడలేదు. మా ఆయన ముఖం మాత్రం ఎర్రబడుతూ వచ్చింది. ఫోన్ పెట్టేసి చెప్పారు: తన ఇంట్లో ఎవరూ ఏదీ ముట్టుకోవడానికి వీల్లేదట. ఇంత అసంతృప్తిగా ఉంటే వేరే ఇల్లు చూసుకోవచ్చట. నడి చలికాలంలో, చంటిపిల్లతో, వేరే ఇల్లు! సొంత తమ్ముడితో ఎవరైనా ఆ మాట అంటారా?

రోడ్లు బాగుపడగానే ఇద్దరం కలిసి టౌన్ ఆఫీసుకు, అంటే ఇక్కడి మునిసిపాలిటీకి వెళ్లాం. ఇల్లు అద్దెకు ఇచ్చేవాళ్లు చలికాలంలో అందులో కనీసం ఇంత వెచ్చదనం నిలిచేలా చూడాలని టౌన్ రూలు ఉందని అక్కడ కౌంటర్లో ఆవిడ మామూలుగా, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. ఇన్నాళ్లూ ఆ సంగతి ఒక్క తెలుగువాడూ మాకు చెప్పలేదు. బహుశా ఎవరూ అడిగి ఉండరు.

కొద్ది రోజులకు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. చూయింగ్ గమ్ నములుతూ, పెద్దగా ఆసక్తి లేనట్టే గదులన్నీ తిరిగాడు. తన థర్మామీటరు గది మధ్యలో ఒక స్టాండు మీద పెట్టి చూశాడు. స్విచ్చు బోర్డు దగ్గర అరచెయ్యి పెట్టి చూశాడు. అటిక్‌లోకి టార్చి వేసి చూశాడు. అతనికి మా మీద జాలీ లేదు, డాక్టరుగారి మీద కోపమూ లేదు. ఒక రూలు ఉంది, ఇల్లు ఆ రూలుకు తక్కువ పడింది, అంతే. నాకు అది ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. అతను మా అన్న కాదు, మేము అతని తమ్ముళ్లమూ కాము. మా మీద అతనికి ఏ అధికారమూ, మాకు అతని పట్ల ఏ రుణమూ లేదు.

డాక్టరుగారికి టౌన్ నుంచి నోటీసు వెళ్లిన రోజు ఆయన భార్య నాకు ఫోన్ చేశారు.

"మనలో మన విషయం టౌన్ దాకా తీసుకెళ్లారేమిటమ్మా? తెల్లవాళ్ల ముందు ఆయన తలెత్తుకోలేకపోతున్నారు. రెండు రోజుల నుంచి సరిగా అన్నం కూడా తినడం లేదు."

"రెండు నెలల నుంచి మా పాప సరిగా తినడం లేదు అక్కయ్యగారూ," అన్నాను.

"పాపకి ఇప్పుడెలా ఉంది?" అని అడిగారు. ఆ అడగడం నిజంగానే అడిగారు, గొంతులో తెలిసింది. కొంచెం నయమని చెప్పాను. ఆవిడ ఫోన్ పెట్టేశారు.

ఆ తరవాత మా ఫోన్ మోగడం తగ్గిపోయింది. శనివారం సాయంత్రాలు ఎవరో ఒకరు రమ్మనేవారు, రమ్మనడం మానేశారు. ఉగాదికి స్కూలు హాల్లో అందరూ చేరారని తరవాత ఎవరో అంటే తెలిసింది. ఆ ఊళ్లో నాకు "కంప్లయింట్ ఇచ్చినావిడ" అని పేరు పడింది. పాప చెవి గురించి అడిగినవాళ్ల కన్నా డాక్టరుగారి మనసు కష్టపెట్టడం గురించి అడిగినవాళ్లే ఎక్కువ. ఒక్క వరంగల్ ఆవిడ మాత్రం ఒక మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా కారు వేసుకుని వచ్చి, సకినాల డబ్బా బల్ల మీద పెట్టి, కోటు విప్పకుండానే కాసేపు కూర్చుని వెళ్లారు. ఆ రోజు హాల్లో ఎందుకు మాట్లాడలేదో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఫిబ్రవరి చివర ఒక పొద్దున్న పెద్ద ట్రక్కు వచ్చి ఇంటి ముందు ఆగింది. పనివాళ్లు బయటి గోడలకు వరసగా గుండ్రటి కన్నాలు తొలిచి, లావుపాటి గొట్టం పెట్టి, బూడిద రంగు కాగితపు పీచును లోపలికి ఊదారు. అటిక్‌లో మోకాలి లోతు నింపారు. కన్నాలకు బిరడాలు కొట్టి, రంగు వేసి, మధ్యాహ్నం భోజనం వేళ దాటిన కాసేపటికే వెళ్లిపోయారు.

సాయంత్రానికి ఫర్నేస్ ఆగింది. చెడిపోయిందేమోనని బేస్‌మెంట్‌లోకి పరిగెత్తాను. చెడిపోలేదు. ఇల్లు వెచ్చబడింది కాబట్టి ఆగింది. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. పాపను చిన్న గదిలోంచి తెచ్చి హాల్లో నేల మీద కూర్చోబెట్టాను. సంతోషించాల్సిన సమయం. నాకు మాత్రం అప్పుడే అసలు కోపం వచ్చింది. ఒక్క పూట పని! వరంగల్ ఆవిడ బాబు దగ్గిన చలికాలమంతా, నా పిల్ల చెవి పట్టుకుని ఏడ్చిన రోజులన్నీ, ఒక్క పూట పనికి అడ్డం పడిన బద్ధకం. తన ఇంటికి చేయించుకున్న రోజునే అదే మనుషులకు ఇంకో అడ్రసు చెప్పి ఉంటే సరిపోయేది.

ఆ వెచ్చదనాన్ని మేము ఎక్కువ కాలం అనుభవించలేదు. ఏప్రిల్‌లో డాక్టరుగారు మా ఆయనకు ఆఫీసుకు ఫోన్ చేసి, తన కజిన్ వస్తున్నాడని, ఇల్లు ఖాళీ చేయాలని చెప్పారు. లీజులూ గీజులూ ఏమీ వద్దన్న మాట ఎందుకు పనికొస్తుందో అప్పుడు తెలిసింది. మేము సామాను సర్దుకుని ప్లెయిన్స్‌బరో అనే ఊళ్లో ఒక అపార్ట్‌మెంట్‌కు మారిపోయాం. అక్కడ లీజు ముప్ఫై పేజీలు ఉంటే నేను ప్రతి పేజీ చదివే సంతకం పెట్టాను.

కజిన్ ఎవరూ రాలేదు. అక్టోబరులో ఇండియన్ గ్రోసరీ కొట్లో బెండకాయలు ఏరుతుంటే ఇద్దరు పిల్లలతో వచ్చిన ఒక కొత్త తెలుగమ్మాయి పలకరించింది. మాటల్లో ఆ ఇంటి సంగతి వచ్చింది.

"డాక్టరంకుల్ వాళ్ల ఇంట్లో ఉంటున్నామండీ. ఎంత మంచివారో! కొత్తగా వచ్చేవాళ్లకి చలికి ఇబ్బంది కాకూడదని ముందే గోడలన్నీ ఇన్సులేషన్ చేయించి పెట్టారంట."

బెండకాయల సంచి చేతిలో పట్టుకుని నేను ఆ అమ్మాయికి జరిగిందంతా చెప్పాను. గోడల కన్నాలకు కొట్టిన బిరడాలు ఎక్కడెక్కడ ఉంటాయో కూడా చెప్పాను. ఆ అమ్మాయి ముఖం మెల్లగా బిగుసుకుపోయింది.

"అయ్యో, మీరేదో పొరబడ్డారండీ. ఆయన అలాంటివారు కాదు," అని బండి తోసుకుంటూ పక్క వరసలోకి వెళ్లిపోయింది. నా మాట ఆమె నమ్మకపోతే నాకు పోయిందేమీ లేదు. ఆమె పిల్లలు వెచ్చగా ఉన్నారు. అయినా ఆ రోజు బెండకాయల సంచి కొట్లోనే మరిచిపోయి ఇంటికి వచ్చాను.

తరవాతి సంవత్సరాల్లో మనవాళ్లు చాలామంది వచ్చారు, చాలామంది ఇళ్లు కొని అద్దెలకిచ్చారు. మా ఆయన ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు ఇల్లు చూడబోతుంటే నేను కూడా కారెక్కి వెళ్లేదాన్ని. వాళ్లు వంటింటి అలమరాలు, బాత్రూములు చూస్తుంటే నేను అటిక్ మూత ఎక్కడుందో వెతికేదాన్ని. ఒకసారి ఒక ఓనరుగారు, మన తెలుగాయనే, చిరాకుపడ్డారు.

"ఉండబోయేది వాళ్లు కదండీ. మీకెందుకివన్నీ? మనలో మనకి నమ్మకం ఉండక్కర్లేదా?"

"నమ్మకం ఉండాలండీ," అన్నాను. "ముందు మీ నిచ్చెన ఒకసారి ఇప్పించండి."